మూడో అధ్యాయం నుంచి పస్తు

ఇరవై ఆరేళ్లుగా ఒకటే ప్రశ్న ఇస్తున్నాను:
"దోన్కా స్వభావాన్ని వివరించండి."
ఇరవై ఆరేళ్లుగా ఒకటే జవాబు, చేతిరాతలే వేరు.
దోన్కా అభిమానవతి. దోన్కా ధైర్యశాలి.
దోన్కా తలవంచని పిల్ల.

మా విదిన్ ఊళ్లో ఆ నవల లేని ఇల్లు లేదు.
చదువురాని ముసలమ్మలు కూడా
ఏడో అధ్యాయం గడగడా అప్పజెబుతారు:
పదకొండేళ్ల పనిపిల్ల.
పండగపూట, ఊరంతా చూస్తుండగా
పిండిమర యజమాని ముందు నిలబెడతారు.
ముద్దుపెట్టుకోమని అతను చెయ్యి చాస్తాడు.
ఆమె వంగదు.

అంతే.
ఆ వంగకపోవడం మీదే
మూడు నాటకాలు, ఒక తపాలా బిళ్ల,
డాన్యూబ్ ఒడ్డు పార్కులో
గడ్డం పైకెత్తిన కంచు బొమ్మ.
ఎంత మంచు కురిసినా ఆ గడ్డం మీద నిలవదు,
"చూశారా, అభిమానం!" అంటాడు మా హెడ్మాస్టరు ప్రతి చలికాలం,
మేం ప్రతి చలికాలం నవ్వుతాం.

ఈ ఫిబ్రవరిలో ఒక రాత్రి, ఎర్ర పెన్సిలు సగం అరిగాక
ముప్పై ఒకటో పేపరు తీశాను.
ఇస్క్రెన్. వెనక బెంచీ, కిటికీ వైపు.
నాలుగంటే నాలుగే వాక్యాలు:

"దోన్కాకి అభిమానం ఉందో లేదో నాకు తెలియదు.
మూడో అధ్యాయంలో అర ఉల్లిపాయ తిన్నది.
అప్పట్నుంచి ఏడో అధ్యాయం దాకా ఏమీ తినలేదు, లెక్కపెట్టాను.
ఆ చెయ్యి పిండి వాసన వేసి ఉంటుంది, వంగితే కొరికేస్తానని భయపడింది."

పుస్తకం తెచ్చుకున్నాను.
అట్ట ఊడిన నా పాత ప్రతి, పేజీల అంచుల్లో నా పాత తెలివి.
నాలుగు: గిన్నెలు తోమింది.
ఐదు: మేకల్ని మేపింది. మేకలు తిన్నాయి.
ఆరు: పండగ భోజనం, రెండు పేజీలు,
గొర్రెపిల్ల వేపుడు, అక్రోటు పప్పు, తేనె కారే రొట్టెలు,
పళ్లేలు మోసింది ఎవరనుకున్నారు?
పక్కన నా రాత: "వర్ణనా నైపుణ్యం గమనించండి."

గమనించాను. ఇరవై ఆరేళ్లు
వేపుడునే గమనించాను.

మార్కుల పట్టికలో అభిమానానికి రెండు, ధైర్యానికి రెండు.
ఆకలికి గడి లేదు.
పెన్సిలు కింద పెట్టి, ఇక పిల్లాడి గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.
వేళ్లు మింగేసే ఆ కోటు చేతులు.
భోజనాల గంట కొట్టగానే కొళాయి దగ్గర వాడే.
అయ్యో, నా కళ్లకేమైంది?

మర్నాడు బానిత్స ముక్క కొన్నాను, చీజు పొగలు కక్కుతున్నది.
చేతికివ్వకూడదు, చాచిన చెయ్యి ఏం చేస్తుందో
నాకు కదా తెలియాలి!
వాడి బెంచీ పక్కన కిటికీ గట్టు మీద పెట్టి
ఏదో పనున్నట్టు వరండాలోకి నడిచాను.

వెనకే పరుగు చప్పుడు.
"టీచర్, మీ టిఫిను మరిచిపోయారు."
"అది… నీకే."
"వద్దు టీచర్, ఇప్పుడే రెండు శాండ్విచ్‌లు తిన్నాను, దాహంగా ఉంది."

మరి ఆ లెక్క?
వాళ్ల నాన్న సరుకు పడవలో వంటవాడట.
ఇంట్లో సినిమా చూసినా, కథ విన్నా, ఎవరైనా చచ్చిపోయినా
ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటేనట:
"వాళ్లు ఆఖరిసారి ఎప్పుడు తిన్నారు?"
కోటు అన్నయ్యది. పొడుగవుతాడని కుదించలేదు.

పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.
ఒక్క రాత్రిలో వాణ్ణి ఎంత చక్కగా వివరించానో!
ఉపోద్ఘాతం, ఉదాహరణలు, ముగింపుతో సహా.

స్టాఫు రూములో ఎవరూ లేరు.
ఇంకా పద్నాలుగు పేపర్లు. దోన్కా అభిమానవతి. దోన్కా అభిమానవతి.
పొద్దున్నుంచి నేనూ ఏమీ తినలేదని
అప్పుడు గుర్తొచ్చింది.
నిలబడే తిన్నాను.
ముప్పై ఒకటో పేపరు మీద నూనె మరక పడింది,
మార్కు ఇంకా వెయ్యలేదు.